మాస్టారూ, ఈ సలహాలు వినకండి

హైస్కూల్లో పిల్లల్ని పరుగు పందేలకు తయారుచేసే పీఈటీ మాస్టారికి సలహాలకు కొదవ లేదు. హెడ్మాస్టరు ఒకటి చెబుతారు, ఊళ్లో పాత ఛాంపియన్ ఒకటి చెబుతాడు, గ్రౌండుకు వాకింగ్‌కొచ్చే పెద్దమనుషులు నాలుగు చెబుతారు. వాటిలో వినకూడనివి కొన్ని రాస్తున్నాను.

“మీరు ముందు పరుగెత్తండి, పిల్లలు వాళ్లే వెనకాల వస్తారు.” వినడానికి బాగుంటుంది కాబట్టి ఎక్కువ చెడుపు చేసేదీ ఇదే. ఎనిమిదో తరగతి పిల్లాడికి సారు వీపు కనబడితే చాలు, తేలిగ్గా పరుగెత్తాల్సిన రోజు కాస్తా పందెమైపోతుంది. ముందున్న సారుకు వెనక ఏం జరుగుతోందో తెలియదు. చూడాల్సిందంతా అక్కడే ఉంటుంది. కాన్వాస్ బూటు బొటనవేలి దగ్గర చిరిగి పాదం పక్కకు వేస్తున్నవాడు, డొక్క పట్టుకుని వంగిపోతున్న పిల్ల, మోకాలి చిప్ప కింద ఎముక సలుపుతున్నా టీమ్‌లోంచి తీసేస్తారని నోరు విప్పనివాడు. ఎదిగే వయసులో అక్కడ నొప్పి రావడం మామూలే. పరుగు తగ్గిస్తే చాలామందికి సర్దుకుంటుంది. కానీ తగ్గించాలంటే ముందు మీ కంట పడాలి కదా! అందుకే, తేలిక పరుగు రోజున మీరూ రావాలనుకుంటే అందరికంటే చివరి పిల్ల పక్కన రండి. ఇంట్లో సంగతులు అడగండి. ఆయాసం లేకుండా రెండు మూడు వాక్యాలు చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. ముక్కలు ముక్కలుగా చెబుతుంటే నడిపించండి.

“పరుగెత్తలేని మాస్టారు నేర్పేదేముంది?” ఈ మాటతో ఎంతమంది మంచి టీచర్లు వెనక్కి తగ్గారో! ఐర్లాండ్‌కు చెందిన బ్రదర్ కోల్మ్ ఓకానెల్ 1976లో కెన్యాలోని ఇటెన్ ఊరికి వెళ్లింది సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్లో భూగోళం చెప్పడానికి. అథ్లెటిక్స్ శిక్షణలో ఆయనకు అనుభవమే లేదు. పిల్లలు పరుగెత్తుతుంటే చూస్తూ నేర్చుకున్నారు. ఆయన శిష్యుడు డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. కాబట్టి మోకాళ్లరిగిన సార్లు, చీరకట్టుతో గ్రౌండుకొచ్చే మేడమ్‌లు ఏమాత్రం జంకక్కర్లేదు.

“మేం చేసిందే వీళ్లతోనూ చేయించండి.” న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన పద్ధతిని ముందు తన ఒంటి మీదే ప్రయోగించి చూసుకున్న మాట నిజమే. ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్‌బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచిన మాటా నిజమే. అయితే అప్పటికి స్నెల్‌కు 21 ఏళ్లు, హాల్‌బర్గ్‌కు 27. వాళ్లు పరుగెత్తినన్ని మైళ్లు తెచ్చి పదమూడేళ్ల పిల్లల నెత్తిన రుద్దడం అన్యాయం. మీ ఒళ్లు తట్టుకున్నది మీ ఒంటి సంగతి మాత్రమే.

“పిల్లల్ని ఓడిస్తేనే కసి పుడుతుంది” అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. పెద్దవాడు పిల్లాణ్ని ఓడించడంలో గొప్పేముంది?

“చెట్టు కింద కుర్చీ వేసుకుని విజిల్ ఊదితే చాలు” అనేదీ అంతే తప్పు. అక్కణ్నుంచి ఎవరి అడుగూ కనబడదు. వేగంగా పరుగెత్తించే రోజున మీరు పరుగు మానేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని చివరి మలుపు దగ్గర నిలబడండి. ఫోన్ జేబులో పెట్టండి. ఆఖరి వంద మీటర్లలో భుజాలు చెవుల దాకా లేస్తున్నాయా, చేతులు ఛాతీకి అడ్డంగా ఊగుతున్నాయా చూడండి. అలా కనబడితే ఎన్ని రౌండ్లు మిగిలున్నా ఆ పిల్లాడికి ఆ రోజుకి చాలు.

మీకు సొంతంగా పరుగెత్తాలని సరదా ఉంటే పిల్లలు ఇళ్లకు వెళ్లాక తీర్చుకోండి. వాళ్లు గ్రౌండులో ఉన్నంతసేపూ దయచేసి వాళ్లనే చూడండి.