గీత ఎంత పలచగా ఉన్నా గీతే

నేను హెపటైటిస్-బి ర్యాపిడ్ టెస్ట్ కార్డును. తెల్లటి ప్లాస్టిక్ డబ్బీలో ఇరికించిన సన్నని పట్టీ, అంతే నా ఒళ్లు. గాలీ తేమా తగలని పొట్లంలో నెలల తరబడి పడి ఉంటాను. పొట్లం చింపాక నాకున్న పని ఇరవై నిమిషాలే. ఒక్కసారే, ఒక్క మనిషికే.

నా వంశం ఆస్ట్రేలియా యాంటిజెన్‌తో మొదలైంది. అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ దేశదేశాల మనుషుల రక్తాన్ని పోల్చి చూస్తుంటే, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి సీరం, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరంలోని ఏదో పదార్థాన్ని పట్టుకుంది. 1965లో ఆయన ఆ సంగతి ప్రకటించారు. ఆ పదార్థం కాలేయాన్ని పాడుచేసే వైరస్ పైపొర అని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నారు. ఇప్పటికీ నేను వెతికేది ఆ పైపొరనే.

నా మీద సీరం చుక్కలు వేస్తే, దీపం వత్తిలో నూనె పాకినట్టు పట్టీ వెంట పైకి పాకుతాయి. దారిలో బంగారు రేణువులు కాచుకుని ఉంటాయి. అంత సన్నటి బంగారం పసుపుగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. రక్తంలో వైరస్ పైపొర ఉంటే ఆ రేణువులు దాన్ని అంటిపెట్టుకుని వెళ్లి, 'టి' దగ్గర చిక్కుకుంటాయి. ఎర్రగీత పడుతుంది. చివర 'సి' దగ్గర పడే గీత నేను సరిగ్గా పనిచేశానని చెప్పేది. అది పడకపోతే నన్ను నమ్మొద్దు, పారేసి ఇంకో కార్డు తీయండి. 'టి' గీత మాత్రం ఎంత పలచగా ఉన్నా గీతే.

వైరస్ సోకిన తొలి వారాల్లో అది నా కంటికి ఆనదు. హెపటైటిస్-సిని చూసే నా తోటి కార్డుకు ఇంకో చిక్కు. అది వెతికేది వైరస్‌ను కాదు, యాంటీబాడీని. జబ్బు తనంతట తానే పోయినవాళ్లకూ గీత పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తేగాని అసలు సంగతి తెలియదు. వైరస్ ఉందని తేలినా, సి రకం మూడు నెలల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. కళ్లు పచ్చబడితే తప్ప కాలేయం ఎవరికీ గుర్తు రాదు. అప్పుడూ పసరు మందు కోసం పరుగెడతారు. బి వైరస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే, పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. అందుకే గర్భిణుల రక్తం కోసం నేను ఎదురుచూస్తాను.

నా పొట్లం చింపిన రోజు పీహెచ్‌సీ ల్యాబ్‌లో నా మీద పడినదీ ఓ గర్భిణి రక్తమే. రెండు గీతలూ పడ్డాయి.

"నాకెప్పుడూ కామెర్లు రాలేదు సార్," అందామె.

"రాకపోయినా ఉండొచ్చమ్మా. ఈ కార్డుతోనే అయిపోదు, పెద్దాసుపత్రిలో వైరస్ ఎంతుందో చూస్తారు. ఎక్కువుంటే మాత్రలిస్తారు. కాన్పు మాత్రం ఆసుపత్రిలోనే," అన్నాడు టెక్నీషియన్.

"మరి బిడ్డకు?"

"పుట్టిన ఇరవైనాలుగు గంటల్లోపు టీకా, ఇమ్యూనోగ్లోబులిన్ సూది. ఆ తర్వాత మిగతా డోసులు తప్పొద్దు. పాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు."

ఆ టీకా ఒకప్పుడు విదేశాల నుంచే రావాలి, ధర సామాన్యులకు అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఇక్కడే తయారుచేశాక దిగివచ్చింది. నేను ఒట్టి కబురు మోసేదాన్ని. బిడ్డను కాపాడేది ఆ సూదే.

టెక్నీషియన్ ఆమె కార్డు మీద ఫలితం రాసి, బయట బెంచీ మీదున్న భర్తను లోపలికి రమ్మన్నాడు. మా డబ్బాలోంచి ఇంకో పొట్లం తీశాడు.