పౌడరు డబ్బాలో ముడుపు

2011 జూన్ 30తో పావలాకు నూకలు చెల్లాయి. పావలా ఒక్కటే పోలేదు. ఇరవై పైసలు, పది పైసలు, ఐదు పైసలు, కింది సంతానాన్నంతా వెంటబెట్టుకుని పోయింది. ఈ చావు కబురు దేశమంతా తెలిసింది గానీ, తిరువళ్ళూరులో మా ఇంటి అటక మీదున్న క్యూటికూరా పౌడరు డబ్బాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

భోగికి పాతసామాను దించుతుంటే అది చేతికి తగిలింది. పౌడరు డబ్బాకు ఉండకూడనంత బరువు. మూత మీద కత్తితో కోసిన సన్నటి చీలిక, దాని పక్కన మేకుతో గీసిన నా పేరు, పేరు కింద ‘ముట్టితే కన్ను పోతుంది’ అనే హెచ్చరిక. నాకు అప్పటికి రాయొచ్చిన తెలుగంతా ఆ మూత మీదే ఉంది.

ఆ వయసులో నాకు రెండు ఆదాయాలుండేవి. ఒకటి నగరి నుంచి వచ్చే తాత. ఆయన బస్సెక్కేటప్పుడు నేను గుమ్మం దగ్గర ముఖం వేలాడేసుకుని నిలబడితే అర్ధ రూపాయి, కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించగలిగితే రూపాయి. రెండోది వీరరాఘవస్వామి. అమావాస్యకు ముందురోజే జనం వచ్చి కోవెల చుట్టుపక్కల అరుగుల మీద పడుకుంటారు. తెల్లారి కోనేట్లో బెల్లం వేస్తారు. అది కరిగినట్టే ఒంట్లో రోగం కరిగిపోతుందని నమ్మకం. రోగాలు కరగడానికి వెళ్ళినవాళ్ళు చెప్పులు మా అరుగు కింద వదిలేవాళ్ళు. కాపలా నేను. జతకు పది పైసలు. తై అమావాస్య నాడైతే ఇరవై. గిరాకీని బట్టి ధర పెంచడం నాకు ఎవరూ నేర్పలేదు.

ఇంతా కూడబెట్టింది దేనికో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

డబ్బాను ‘దినతంతి’ పేపరు మీద కుమ్మరించాం. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంకా పౌడరు వాసన. అంచులు వంకీలు తిరిగిన పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు, ఖడ్గమృగం బొమ్మున్న స్టీలు పావలాలు. మా అమ్మాయి ఐదు పైసలను గోటి మీద నిలబెట్టి, “ఇవి బొమ్మ డబ్బులా నాన్నా?” అంది. చుట్ట చుట్టి దూర్చిన నోట్లు కూడా కొన్ని ఉన్నాయి. రూపాయి నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉండదు, ఆర్థికశాఖ కార్యదర్శిది ఉంటుంది. నా నోట్ల మీద మాంటెక్ సింగ్ అహ్లువాలియా సంతకం. దేశాన్ని సంస్కరిస్తూ తీరిక చేసుకుని మా డబ్బాలోకీ వచ్చాడన్నమాట.

మావాడు అప్పటికే ఫోనులో వెతికేశాడు. పాత నాణేనికి లక్షలిస్తారట, ముందుగా కొంచెం ఫీజు కట్టాలట. అలాంటివాళ్ళను నమ్మొద్దని 2021లోనే రిజర్వు బ్యాంకు చెప్పిందని వాడికి చూపించాను. వాడి ముఖం చూస్తే, లక్షాధికారి కాకుండా అడ్డుపడింది రిజర్వు బ్యాంకు కాదు, నేనే.

లెక్క తేలింది. మొత్తం 286 రూపాయల 45 పైసలు. అందులో పావలా, ఆ కిందివి కలిపి చచ్చిన సొమ్ము 61 రూపాయల 95 పైసలు. అర్ధ రూపాయలు 32 రూపాయల 50 పైసలు. వీటి సంగతి విచిత్రం. బతికే ఉన్నాయి, కానీ ఒక్కసారికి పది రూపాయలకు మించి ఇస్తే పుచ్చుకోనక్కర్లేదని 2011 నాటి నాణేల చట్టం. పది రూపాయల దాకానైనా చట్టం చెల్లుతుందంటుంది, సందు చివర కొట్టు అన్నాచ్చి చెల్లదంటాడు. అంతా పోగా పనికొచ్చేది 192 రూపాయలు.

“అయిదుగురం హోటల్లో టిఫను తిందాం. నీ చిన్నప్పటి సొమ్ముతో మాకు విందు. మిగతాది పెద్దయిన నువ్వు వేసుకో,” అని మా ఆవిడ తీర్మానించింది. పిల్లలు బలపరిచారు.

అప్పుడు మా అమ్మ డబ్బాలోకి చెయ్యి పెట్టి, అడుగున అంటుకుపోయిన పసుపు గుడ్డ మూట ఒకటి పీకింది. విప్పితే రూపాయి పావలా.

“నీకు అమ్మవారు పోసినప్పుడు తిరుత్తణి స్వామికి కట్టిన ముడుపురా ఇది. ముడుపు పడిన డబ్బా అంతా ముడుపే. హోటలంట, హోటలు!”

“అంతా ఎట్లయితాది అత్తా? మూటలో ఉండేదే ముడుపు. చెల్లేది హోటలుకు, చెల్లనిది స్వామి హుండీకి. ఆయన బిల్లు కట్టల్లనా, బస్సు ఎక్కల్లనా?” అంది మా ఆవిడ.

“చెల్లని కాసు స్వామికి వేస్తారంటమ్మే ఎవురైనా?”

మొక్కు తీర్చేలోపల ముడుపులోని పావలా కూడా చచ్చిందని నేను గుర్తుచేయబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకున్నాను.

కనుమ నాడు కాకైనా కదలదు కాబట్టి ఆ రోజంతా అమ్మ ఇంట్లోనే కూర్చుని ఆలోచించింది. మర్నాడు కాణుం పొంగల్. ఆ రోజు తమిళనాట కదలని కాకి ఉండదు. తెలుగువాళ్ళుగా ఒకరోజు మానేసి, తమిళనాటి వాళ్ళుగా మర్నాడు బయల్దేరడం మాకు అలవాటే. లోకల్ రైల్లో కాలు పెట్టే చోటు లేదు. తిరువాలంగాడులో శివుడు కాలెత్తి ఆడి కాళిని ఓడించాడని స్థలపురాణం. ఆ స్టేషను వచ్చేసరికి మా పెట్టెలో సగంమంది ఒంటికాలి మీదే ఉన్నారు. అరక్కోణంలో కొందరు దిగారు, దిగినవాళ్ళకు రెట్టింపు ఎక్కారు. చెల్లే సొమ్ము నా ప్యాంటు జేబుల్లో ఉంది. ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి ప్యాంటుకు.

తిరుత్తణి కొండకు మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబరు 31 రాత్రి మెట్టు మెట్టుకూ పూజ చేస్తారు. లీపు సంవత్సరం మెట్టెక్కడని మావాడు అడిగాడు. ముందు ఈ 365 ఎక్కు, ఆ తర్వాత చూద్దామన్నాను. అమ్మ, మా ఆవిడ ఆటోలో పోయారు. వాళ్ళిద్దరినీ ఒకే ఆటోలో పంపడానికి జంకలేదు. శూరపద్ముడితో యుద్ధమయ్యాక సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారింది ఈ కొండ మీదే. అందుకే మిగతా చోట్ల అట్టహాసంగా జరిపే శూరసంహారం ఇక్కడ జరపరు. ఆయన కోపమే చల్లారిన చోట అత్తాకోడళ్ళదెంత?

నిజంగానే చల్లారింది. హుండీ దగ్గర అమ్మ తన వక్కాకు తిత్తి విప్పి, చచ్చిన కాసులన్నీ గుప్పిళ్ళతో వేయడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచాను.

“ఏంరా చూస్తాండావు? ఈ ఊరు యా రాష్ట్రం?”

“తమిళనాడు.”

“నేను పుట్టేటప్పుడు?”

ఆమె పుట్టినప్పుడు తిరుత్తణి ఆంధ్రలో, చిత్తూరు జిల్లాలో ఉంది. పటాస్కర్ మధ్యవర్తిత్వంతో కుండమార్పిడి జరిగింది. సత్యవేడు వైపు పల్లెలు అటుపోయాయి, తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 1960 ఏప్రిల్ 1న, సరిగ్గా ఆ తారీఖునే, ఎవరూ గుమ్మం దాటకుండా ఊరంతా రాష్ట్రం మారింది. ఈ ఊళ్ళో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు ఢిల్లీలో ఉపరాష్ట్రపతి. ఆయన కుర్చీ అక్కడే ఉంది, ఆయన పుట్టిన ఊరు చేతులు మారింది.

“ఢిల్లీలో కాగితం మీద మార్చినారు. కొండ కదిలిందా? స్వామి కదిలినాడా? పావలాను చెల్లదన్నిందీ ఆ ఢిల్లీ కాగితమే. ఈయనకు నిన్నా చెల్లె, ఈ పొద్దూ చెల్లతాది,” అంటూ పసుపు గుడ్డలోని రూపాయి పావలా కళ్ళకద్దుకుని ఆఖరున వేసింది.

హుండీ లెక్కపెట్టే బ్యాంకువాళ్ళు ఏమంటారో అడుగుదామనుకున్నాను గానీ, మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. గెలిచిన కేసులో ఎవరూ మళ్ళీ వాదించరు.

కొండ దిగి హోటల్లో కూర్చున్నాం. నెయ్యి రోస్టు, పూరీ, పొంగలు, రోజ్ మిల్క్. హోటలంట, హోటలు అన్న మా అమ్మ వడ రెండోసారి చెప్పించుకుంది. బిల్లు 640 రూపాయలు. గల్లా దగ్గర నేను దొంగలా చిల్లర బయటికి తీస్తూ, రూపాయీ ఆ పై నాణేలైతే వెయ్యి రూపాయల దాకా చట్టప్రకారం చెల్లుతాయని మనసులో వాదన సిద్ధం చేసుకున్నాను. గల్లాపెట్టె ఆయన ఆ గుట్టను చూసి లేచి నిలబడ్డాడు.

“చిల్లరా! ఇంకా ఉండాదా సార్? పొద్దట్నుంచీ అందరూ ఫోను చూపించేవాళ్ళే. చిల్లరకు అల్లాడతాండాము!”

వెనుక ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మున్న రెండు రూపాయల నోటును ఆయన గల్లాలో వేయలేదు. ఒకసారి వాసన చూసి, సొంత జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి గల్లాలో వేసి, నోటును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అర్ధ రూపాయలు అడిగితే మాత్రం రెండు చేతులూ జోడించాడు. మిగతా 448 ఫోనుతో కట్టాను.

బయటికి రాగానే అమ్మ ఆగింది.

“స్వామి ముడుపులోంచి ఎంత వాడుకున్నావురా?”

“192. నువ్వూ తిన్నావు కదమ్మా!”

“తిన్నా. అప్పు కాదన్నానా? వడ్డీ ఎంతయితాదో కట్టు.”

మావాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పోస్టాఫీసు పొదుపు ఖాతా లెక్కన నాలుగు శాతం, చక్రవడ్డీ, 35 ఏళ్ళు. అసలూ వడ్డీ కలిపి 757 రూపాయలని తేల్చాడు. తిన్న బిల్లు కంటే ఎక్కువ.

“స్వామి వడ్డీ అడగడు అత్తా,” అని మా ఆవిడ మొదటిసారి నా తరఫున మాట్లాడింది.

“తిరుపతిలో మేనమామ కుబేరుడికి ఇప్పటికీ వడ్డీ కడతానే ఉండాడే, ఇక్కడ మేనల్లుడికి మీరు ఎగ్గొడతారా?”

అరవై అడుగుల దూరంలో ఆటో అతను ఈ మాట విని, బండి స్టార్టు చేసి, “కొండ మీదికేనా సార్?” అన్నాడు. పండగ రోజు, పోనూ రానూ మూడు వందలట. చిల్లర ఉందా అని కూడా అడిగాడు.