బర్మా యుద్ధం నుంచి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దాకా

రెండో ప్రపంచ యుద్ధం గెలవడం ఏమంత కష్టం కాదు. గెలిచిన జీపును మన రోడ్డెక్కించడమే కష్టం.

1944లో, బర్మా యుద్ధంలో, కొహిమా కొండలెక్కిన ఫోర్డ్ జీపొకటి ముస్తాబై ఆర్టీఓ ఆఫీసుకు వచ్చిందనుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కళ్లజోడు సవరించుకుంటారు.

"వయసెంత?"

"ఎనభై దాటాయండీ."

"పుట్టినరోజు ఎవడడిగాడయ్యా? తొలిసారి అమ్ముడుపోయాక తొలి రిజిస్ట్రేషన్ ఎప్పుడు? అక్కణ్నుంచి యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్."

అంటే, మిలిటరీలో ఉన్నన్నాళ్లూ జీపు ఇంకా పుట్టనట్టే!

వింటేజ్ బండ్ల కోసం కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. నంబర్లో 'వీఏ' అక్షరాలు. రోజువారీ తిరుగుళ్లు బంద్. రెండు, నాలుగు చక్రాల బండ్లకే ప్రవేశం. యుద్ధమంతా సరుకు మోసిన పది టైర్ల జీఎంసీ లారీ గుమ్మం బయటే ఉండిపోవాలి, టైర్లు ఎక్కువైన పాపానికి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, బండి అసలు రూపం చెడకూడదు.

ఈ మాట వినగానే జీపు పొంగిపోయింది. "రంగు కూడా అసలుదేనండీ. ఆలివ్ గ్రీన్."

ఇన్‌స్పెక్టర్ గారు ఇంకో పుస్తకం తీశారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 121వది. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకే బండికీ ఆ రంగు వేయరాదు. అసలు రూపం లేకపోతే వింటేజ్ కాదు, అసలు రంగు ఉంటే చట్టబద్ధం కాదు. రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉంటాయి, ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు.

ఇక నంబరు. యుద్ధంలో దాన్ని బానెట్ మీద రంగుతో రాసేవారు. ఇప్పటికీ మన సైన్యం బండ్ల నంబర్లో పైకి చూసే బాణం ఉంటుంది. అది బ్రిటిష్ సర్కారు తన ఆస్తి మీద వేసుకున్న ముద్ర. దొరలు వెళ్లారు, బాణం ఉండిపోయింది. రిటైరైన జీపు మాత్రం దాన్ని పెట్టుకోరాదు. తెల్ల రేకు మీద నల్ల నంబరు, మూలన చక్రం హోలోగ్రామ్, ఊడదీయడానికి వీల్లేని లాకు. ఫోర్డ్ వాళ్లు బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం అచ్చొత్తారు. ఆ బోల్టుల కోసం యజమాని తుక్కు కొట్లన్నీ గాలించి, ఒక్కొక్కటీ ఏరి బిగిస్తాడు. చివరికి ఆ జీపు బంపరుకే డ్రిల్లుతో బెజ్జాలు కొట్టి ఈ రేకు తగిలించుకోవాలి.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం సులువైన దారి కనిపెట్టింది. సైనిక గుర్తులు చెడతాయనుకుంటే, పాత మిలిటరీ బండికి ప్లేటు తగిలించకుండా మినహాయింపు ఇవ్వొచ్చని చట్టంలోనే రాసుకుంది. అంత తేలిగ్గా పనైపోతే మన ఆఫీసుల ముందు ఏజెంట్లు ఏం తిని బతకాలి?

ఇంతలో గేటు ముందు నుంచి నిరుడు కొన్న నల్ల ఎస్‌యూవీ దూసుకెళ్లింది. అద్దం మీద 'ఆర్మీ' స్టిక్కరు. ప్లేటు మీద 8055, అది 'బాస్' అని చదువుకోవాలిట. నడిపేవాడు ఎన్‌సీసీ క్యాంపుకైనా వెళ్లిన జాడ లేదు. కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు.

జీపు తన కాగితాలన్నీ మడిచి పెట్టేసుకుంది.

"అయ్యా, ఈ వింటేజ్ నాకొద్దు గానీ, ఆ స్టిక్కరు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి."