తిరిగి వెళ్ళవలసిన క్యాసెట్టును

నన్ను చూసి పాటల క్యాసెట్టు అనుకుంటారు. నాలో ఒక్క పాటా లేదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి చూపించిన జాతి మాది. నేను సి-90 రకం, పక్కకు 45 నిమిషాలు. ఏ కార్ఖానాలో పుట్టానన్నది పెద్ద విషయం కాదు. బతికిందంతా వేల్స్ పడమటి తీరాన, అబెరిస్త్‌విత్ అనే సముద్రపు ఊళ్ళో. అంధులకు వాళ్ళ ఊరి వార్తలు మోసుకెళ్ళడం నా పని.

బ్రిటన్‌లో ‘మాట్లాడే వార్తాపత్రిక’ మొదలైంది ఆ ఊళ్ళోనే, 1970లో. గ్రంథాలయ శాస్త్రం బోధించే రోనాల్డ్ స్టర్ట్ గారు దానికి పూనుకున్నారు. తర్వాత అది వందల ఊళ్ళకు పాకింది. ఆ ఊరి బృందంలో పనిచేశానని చెప్పుకోవడం నాకు గర్వం.

చదివేవాళ్ళకు జీతాల్లేవు. రిటైరైన పంతులమ్మ, బ్యాంకు గుమాస్తా, ఇలా వంతులు వేసుకుని సాయంత్రాలు వచ్చేవారు. ఒకరు వారపత్రికల్లోంచి వార్తలు కత్తిరించి వరసపెడితే, మిగతావాళ్ళు కాగితం చప్పుడు మైకులో పడకుండా పట్టుకుని చదివేవారు. లండన్ సంగతులు రేడియో ఎలాగూ చెబుతుంది. వీళ్ళు చదివేది ఏ వీధిలో గొయ్యి తవ్వారో, లాంపీటర్ బస్సు వేళ ఎప్పటికి మారిందో, ట్రెగరన్ సంతలో గొర్రెపిల్ల ఎంత పలికిందో. తెల్లకర్రతో నడిచే మనిషికి గొయ్యి వార్తే మొదటి పేజీ వార్త.

మరణవార్తల దగ్గర మాత్రం గొంతు నెమ్మదించేది. ఆ ప్రాంతంలో ఎటు చూసినా జోన్స్‌లు, డేవిస్‌లు, ఇవాన్స్‌లే. ఊరూ వీధీ స్పష్టంగా పలక్కపోతే పోయింది ఎవరో తెలియదు. చూపున్నవాళ్ళు టీ తాగుతూ ఆ కాలమ్ మీద కళ్ళు పరిగెత్తిస్తారు. చూపు లేని మనిషికి చిన్ననాటి స్నేహితురాలు పోయిన కబురు అంత్యక్రియలన్నీ ముగిశాక, ఎవరి మాటల్లోనో దొర్లితే తెలిసేది. పుట్టిన ఊళ్ళోనే పరాయివాళ్ళయిపోవడం అంటే అదే. ఆ పరాయితనాన్ని తగ్గించడానికే నేను తిరిగాను.

రికార్డింగు అయ్యాక, వేగంగా నకలు తీసే యంత్రంలో మమ్మల్ని వరసగా పెట్టేవారు. తర్వాత పసుపు సంచీలో వేసేవారు. సంచీ మీది కార్డుకు ఒకవైపు శ్రోత చిరునామా, రెండోవైపు మా బృందానిది. స్టాంపు అక్కర్లేదు, అంధుల సామగ్రిని అక్కడి తపాలా సంస్థ ఉచితంగా చేరవేస్తుంది. మీ దేశంలోనూ బ్రెయిలీ పొట్లాలకు ఆ సదుపాయం ఉంది. విన్నాక కార్డు తిప్పి పోస్టు డబ్బాలో వేస్తే చాలు, నేను ఇల్లు చేరేదాన్ని. అయస్కాంతంతో పాత వార్తలు చెరిపి కొత్తవి నింపేవారు. చెరపడం నాకెప్పుడూ బాధ కాలేదు. పాత వారం పోతేనే కదా కొత్త వారం పట్టేది.

బాధ వేరే ఉంది. చివరగా నేను వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. నన్ను పంపేముందు టేపును మొదటికి తిప్పి మరీ పంపేది, వేళ్ళతో సంచీ అంచులు తడిమి చూసుకునేది. ఒక వారం, మొదటి పక్క అయిపోయి నన్ను తిరగేసేలోగా ఎవరో వచ్చారు. ఆవిడను అదే ఊళ్ళోని వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళారు. ఇల్లు సర్దినవాళ్ళు నన్ను పాత బ్యాటరీలూ తుప్పు తాళంచెవులూ ఉన్న సొరుగులో పడేశారు. సంచీ నా పక్కనే ఉంది, కార్డు దాని మీదే ఉంది. వీధి చివర ఎర్ర డబ్బా ఉంది. నన్ను అక్కడికి తీసుకెళ్ళే చెయ్యే లేదు. పంపిన క్యాసెట్లు వెనక్కి రాకపోతే కొన్నాళ్ళకు ఆ చిరునామాకు పంపడం మానేస్తారు. అలా ఆవిడ పేరూ జాబితాలోంచి పోయే ఉంటుంది.

ఆ తర్వాత మా చోటుకు మెమరీ స్టిక్కులు వచ్చాయి. వాటి మీద నాకు కోపం లేదు. అవీ అలాంటి సంచీల్లోనే, స్టాంపు లేకుండానే తిరుగుతాయి. నేను మాత్రం ఒక అట్టపెట్టెలోకి మారాను. నన్ను వినిపించే యంత్రం ఇప్పుడు నేనున్న ఇంట్లో లేదు. ఆవిడ వినని రెండో పక్క మొదట్లోనే మరణవార్తలున్నాయి. అందులో ఒకటి ఆవిడ వీధిదే. కొత్త చిరునామా ఒక ముక్క రాసి, కార్డు తిప్పి, నన్ను ఆ ఎర్ర డబ్బాలో వేసి ఉంటే, ఆ పై వారానికల్లా ఆవిడ చేతికి ఇంకో పసుపు సంచీ అందేది.