ఒరిజినల్ భక్తులు

పాత స్పీకర్లను ఇంట్లోనే బాగుచేసుకునే పెద్దమనుషులకు ఒక మూలమంత్రం ఉంది: "ఒరిజినల్ కదపకూడదు." కోల్‌కతా సోనోడైన్ కావచ్చు, గల్ఫ్ నుంచి దిగిన జపాన్ సాన్సుయి కావచ్చు, నరసరావుపేట ముందు గదిలో కొలువుదీరిందంటే ఇక పూజే తప్ప రిపేరు లేదు.

కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు మామూలుగానే పదిహేను, ఇరవై ఏళ్లకు పొడిపొడి అవుతుంది. పల్నాడు ఎండలకు అంతదాకా ఆగితే గొప్పే. వేలు పెడితే జిగటగా అంటుకుంటుంది. అయినా మార్చరు. "1978 నాటి ఫోమండీ!" అంటారు. మాగాయైనా అన్నేళ్లు ఎవరూ దాచరు.

"ఈనాటి బాక్సుల్లో ఆ మెత్తదనం ఏదండీ?" నిజమే, లేదు. స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ నలభై ఏళ్లకు లోపల ఎండిపోతే, సన్నని స్వరాలు పలికే ట్వీటర్‌కు చేరాల్సిన సిగ్నల్ దారిలోనే నీరసిస్తుంది. తాళాలు, గజ్జెలు సన్నగిల్లుతాయి. పైగా వినేవారికి అరవై దాటాయి. 20,000 హెర్ట్జ్ వినే చెవి ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. ఎండిన కెపాసిటరూ అలసిన చెవీ కలిసి చేసిన ఘనకార్యానికి జపాన్ ఇంజనీరును పొగడటం ఏం న్యాయం?

ఎవరో పోరి కొత్త కెపాసిటర్ వేయిస్తే రెండో మంత్రం అందుకుంటారు: "రెండువందల గంటలు మోగాలండీ, అప్పటికి గానీ కుదురుకోదు." కుదురుకునేది వినేవారి చెవి. అదీ కాకపోతే, డబ్బు పోసిన మనసు.

బాక్సు అదరకుండా కింద ఖరీదైన గ్రానైట్ పలక కూడా కావాలట. మాచర్ల నాపరాళ్ల మీద పుట్టి పెరిగినవారికి ఇదేం కష్టమో! పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తరు. వాయిస్ కాయిల్ ఆడే సందు మిల్లీమీటరులో చిన్న వంతు. అందులో నలుసు పడితే ప్రతి పాటకూ గరగర తోడవుతుంది. దానికీ ఏదో మంచి పేరు పెట్టే ఉంటారు.

బజారులో కాయిళ్లు చుట్టే మెకానిక్ అంటే వీరికి చులకన. ఆయన మీటరు పెడతాడు. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు ఆరు దగ్గర చూపిందా, కాయిల్ తెగలేదన్నమాట. ఒకటిన్నర వోల్టు సెల్లు తాకిస్తాడు. కోను ముందుకు వచ్చిందా, ప్లస్ ఏదో తేలిపోయింది. కొత్త అంచు అతికించి డబ్బులు అడుగుతాడు. మంత్రం చదవడు, అదే ఆయన నేరం.

శివరాత్రి ముందు మాత్రం ఆయన ఎవరికీ దొరకడు. కోటప్పకొండ ప్రభల మీద మోగాల్సిన బాక్సులు కొట్టు నిండా ఉంటాయి. వాటి మధ్య సందు చూసుకుని, చేతిసంచిలో గొంతు పోయిన వూఫరు, దాని మీద తువ్వాలు కప్పి, మన భక్తులు నిలబడి ఉంటారు: "బాబూ, కాస్త ముందుగా చూడవా? ఎవరికీ చెప్పకు!"