బస్తాకి మూడు కిలోలు

తరుగుకి, కూచిపూడి నుంచి రాస్తున్న ఉత్తరం.

పత్రికలకి బడ్జెట్ల మీదా, పంటల ధరల మీదా ఏళ్ల తరబడి రాస్తున్నాను. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కలిపి ఖర్చు కట్టమని రైతు సంఘాలు అడుగుతుంటే, కేంద్రం ఆ రెండూ వదిలేసి ఖర్చుకి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామంటోందని పేజీలు నింపాను. నీ పేరు మాత్రం ఒక్కసారీ రాయలేదు. మొన్న సార్వాలో మా ధాన్యం లారీ మిల్లు గేటు దగ్గర ఆగాక గానీ అదెంత పొరపాటో తెలియలేదు.

మా ఊరంటే లోకానికి నాట్యం. కార్తీకం దాటాక మొవ్వ రోడ్డున వస్తే మాత్రం కనిపించేది వడ్లే. రోడ్డుకి ఒక పక్కంతా బరకాలు, వాటి మీద పల్చగా ఆరబోసిన ధాన్యం, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేసే ఆడవాళ్లు. వెనకటికి కోసిన పనలు చేలోనే ఆరేవి. కుప్ప వేసి, తీరికయ్యాక నూర్చుకునేవాళ్లం. ఆ నాటికి గింజ దానంతటదే ఎండిపోయేది. ఇప్పుడు కోత మిషను గంటో రెండు గంటలో ఎకరం కోసి, పచ్చి వడ్లు ట్రాక్టర్లో పోసి పోతోంది. కొనుగోలు నిబంధన మాత్రం 17 శాతం తేమ దాటకూడదంటుంది. కుప్ప చేసిన పని ఇప్పుడు రోడ్డు చేయాలి, అదీ మంచు కురిసే రోజుల్లో. దానికి తోడు ఈసారి అక్టోబరు చివర మొంథా తుపాను.

ఆరబెట్టడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో తేమ మిషనులో పెడితే 17 చూపించింది. సాయంత్రం లారీ కదిలింది. రాత్రి డ్రైవరు ఫోను. “ఇక్కడ 19 వస్తోందండి. బస్తాకి మూడు కిలోలు తరుగు తీస్తారంట. కాదంటే దించం, వెనక్కి తీసుకుపొమ్మంటున్నారు.” పట్టా కప్పిన లారీలో ఒక్క పూటలో రెండు శాతం తేమ ఎక్కడి నుంచి వచ్చింది? అడగడానికి అక్కడ నేను లేను. లారీ నిలబడితే ఆ బాడుగ నా మీదే. ఆకాశం మబ్బు పట్టి ఉంది. సరేనన్నాను.

నువ్వు ఉత్త అబద్ధానివని అనను. తడి గింజ ఆరితే తూకం తగ్గుతుంది. 19 శాతం నుంచి 17కి ఆరితే 75 కిలోల బస్తాలో తగ్గేది 1.8 కిలోలు. వాళ్ల మిషనే నిజమనుకున్నా, పోవాల్సింది అంతే. నువ్వు మూడు పట్టుకెళ్లావు.

2025-26కి సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. అంతకు ముందు ఏడు 2,300. పెరిగిన 69 రూపాయలు బస్తా లెక్కన 52 లోపే. మూడు కిలోల ఖరీదు 71. కేంద్ర మంత్రివర్గం కూర్చుని పెంచిన ధర మొత్తం ఒక్క ఫోనుతో పోయింది, పైన ఇంకో 19 రూపాయలు నేను ఎదురిచ్చాను. అయినా నా ఖాతాలో డబ్బు పూర్తి మద్దతు ధర ప్రకారమే పడింది. ఎందుకంటే ఆ మూడు కిలోలు ఏ కాగితం మీదా లేవు. సర్కారు రికార్డులో అవి అసలు పండనే లేదు. నా బాధంతా అక్కడే. కాగితం మీద లేని దాని గురించి అసెంబ్లీలో ప్రశ్న వేసేదెవరు?

నాది సొంత చేను కాబట్టి తట్టుకున్నాను. పక్క చేను కౌలుకి చేసే అతను ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్నాడు. నువ్వు ఎంత కోసినా కౌలు బస్తా ఒక్కటీ తగ్గదు. ఎకరానికి ముప్ఫై బస్తాలు పండితే నీ వాటా తొంభై కిలోలు, రెండు వేల పైచిలుకు రూపాయలు. అదంతా అతని కూలి డబ్బులోంచే. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లోనే వచ్చింది. దాని కింద కౌలు రైతుకి ఇచ్చే కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. అతనికి పెట్టలేదు.

నిన్ను చీటీ మీదకి ఎక్కించాలి. ఊళ్లో తీసిన తేమ అంకే ఆఖరుది కావాలి. మిల్లులో తేడా వస్తే రైతు ముందు, అధికారి ముందు మళ్లీ కొలవాలి. కోసిన ప్రతి కిలోకీ కారణం రాసి సంతకం పెట్టాలి. వచ్చే సార్వాకి లారీని ఒంటరిగా పంపను. రైతు సేవా కేంద్రంలో ఇచ్చిన తేమ చీటీ జేబులో పెట్టుకుని డ్రైవరు పక్కనే కూర్చుని వస్తాను. కౌలుకి చేసే అతన్ని కూడా ఎక్కించుకుంటాను.