సంచిలో కాలు

నేను పుట్టింది పుణెలో, సైన్యంవారి కృత్రిమ అవయవాల కేంద్రంలో. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ల కోసం 1944లో పెట్టారు దాన్ని. మోకాలి కింద జానెడు మిగిలిన ఒక మోడుకు అచ్చు తీసి, ఆ కొలతకు నన్ను చేశారు.

ఆ మోడు మా హవల్దారుది. సైన్యంలో మందుపాతరలు పరిచే, తీసే ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సరిహద్దు పొడవునా మందుపాతరలు పరిచారు. సైన్యం వెనక్కి మళ్లాక వాటిని ఏరాల్సింది మళ్లీ సాపర్లే. రాజస్థాన్ ఇసుక గాలికి కదులుతుంది. దాంతోపాటు మందుపాతర కూడా పటంలో గుర్తుపెట్టిన చోటు దాటిపోతుంది. షూ పాలిష్ డబ్బా అంతే ఉంటుందట. ఒళ్లంతా ప్లాస్టిక్కే గనక డిటెక్టరు కూడా పసిగట్టడం కష్టం. మనిషిని చంపడం కన్నా పాదం తీసుకోవడమే దాని పని.

గిద్దలూరు దగ్గర సొంతూరికి వచ్చాక ఆయన నన్ను ప్యాంటు కింద దాచేశారు. పెళ్లిళ్లకు పోరు, గుడికి పోరు. చెప్పులు విప్పాలి కదా! ఆగస్టు 15కి మాత్రం తప్పదు. శాలువా కప్పి 'వీర జవాన్' అనేవారు. ఆ మాట వినపడగానే మోడు నాలో బిగుసుకునేది. వేదిక మీది పెద్దలకు అదేం తెలుసు?

ఒకనాడు పక్కవీధి కుర్రాడొచ్చాడు. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. షుగరు ముదిరి కాలు తీసేశారు. "మామా, అమ్మ మంచం దిగట్లేదు. నీ కాలు ఒక్కసారి చూపిస్తావా?" అన్నాడు. ఈయన కసిరి పంపేశారు. రాత్రంతా దొర్లి, తెల్లారగానే వెళ్లారు.

అందరి ముందూ నన్ను విప్పడం అదే మొదలు. ఆమె ఒళ్లో పెట్టారు. ఏడుస్తుందనుకున్నాను. నా బెల్టు తిప్పి చూసి, "ఈ కుట్టు ఎవరేశారన్నా, వంకరగా ఉంది" అంది. సూదీ దారం తెప్పించుకుని అక్కడికక్కడే సరిచేసింది. ఇప్పటికీ ఆ కుట్టు ఊడలేదు.

తర్వాత ఆయనకు కొత్త కాలొచ్చింది. నేనిక అటక మీదికే అనుకుంటే సంచిలో పెట్టుకుని ఊళ్లు తిప్పుతున్నారు. లారీ కింద పడ్డవాళ్లు, తాటిచెట్టు మీంచి జారినవాళ్లు, ఎక్కువమంది షుగరువాళ్లు. ఆస్పత్రిలో కుట్లు విప్పి ఇంటికి పంపేస్తారు. అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లుండరు. క్రేప్ బ్యాండేజీ గుండ్రంగా చుట్టకూడదు, ఏటవాలుగా 8 అంకెలా చుట్టాలి. మోకాలి కింద దిండు పెట్టకూడదు. పెడితే కీలు వంగి అలాగే బిగుసుకుపోతుంది, ఆనక ఏ కాలూ పట్టదు. పొద్దున బిగుతుగా ఉన్న మోడు సాయంత్రానికి తగ్గుతుంది, అప్పుడు ఇంకో మేజోడు తొడగాలి. లేకపోతే ఒరుసుకుని పుండవుతుంది. షుగరుకు స్పర్శ పోయినవాళ్లకు నొప్పి కూడా తెలీదు. అందుకే రోజూ రాత్రి అద్దం పెట్టి మోడు అడుగు చూసుకోమంటారు.

ఆ అద్దానికి ఇంకో పనుంది. లేని బొటనవేలు దురదపెడుతోందని చెప్పుకోడానికి జనం సిగ్గుపడతారు, పిచ్చనుకుంటారని. "నాకూ పెడుతుంది" అని ఈయనే మొదలెడతారు. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలు ఆడిస్తూ అద్దంలోకి చూడమంటారు. చెన్నైలో డాక్టరీ చదివిన వి.ఎస్. రామచంద్రన్ కనిపెట్టిన ఉపాయమది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. చెయ్యనివాళ్లకు అబద్ధం చెప్పరు.

శిబిరం పెడితే జైపూర్ పాదం కోసం దగ్గరుండి తీసుకెళ్తారు. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి చేసిన పాదమది. చెప్పులేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పొలంలో దిగొచ్చు. దాన్ని చూస్తే నాకు కాస్త కుళ్లే.

ఈమధ్య ఆగస్టు 15న శాలువా పట్టుకుని వచ్చినవాళ్లకు ఈయన ఇంట్లో దొరకలేదు. ఏదో ఊళ్లో ఒక లారీ డ్రైవరు మంచం పక్కనున్నాం. ఆ డ్రైవరు నన్ను అటూ ఇటూ తిప్పి, "మళ్లీ లారీ తోలగలనా?" అన్నాడు.

"ముందు ఎవరి సాయం లేకుండా పాయిఖానాకు వెళ్లిరా. లారీ సంగతి తర్వాత చూద్దాం. ఆ బీడీకట్ట ఇటియ్యి, అది తాగుతుంటే పుండు మానదు."

ఇచ్చాడు. ఈయన దాన్ని తీసుకుని నా సాకెట్లో పడేశారు. ఛీ, ఇంకా కంపు పోలేదు.